ఆరోగ్యవంతులకు మాత్రమే

మిరపతోటలో ఏ మూల తెగులు పుట్టిందో గట్టు మీద నిలబడే చెప్పేస్తాడని మా పేరయ్యకు చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరుంది. ఆ పేరు వల్ల అతనికి ఒరిగిందేమీ లేదు. పక్కవాడి తోటలో తెగులు ముందుగా కనిపెట్టి, సొంత తోటకు మందు ఆఖరున కొట్టుకునేవాడు. అలాంటి మనిషి తన ముక్కులోనే బూజు పట్టిన సంగతి కనిపెట్టలేకపోయాడంటే, అతన్ని ఎరిగినవాళ్ళం ఎవరమూ ఆశ్చర్యపోలేదు.

మొదట జలుబనుకున్నాడు. ఎడమ దవడ బరువెక్కితే పిప్పిపన్ననుకుని పట్నం వెళ్ళి పీకించుకొచ్చాడు. పీకింది గట్టి పన్నే. చీదినప్పుడు నల్లటి చెక్కులు పడితే కల్లంలో దుమ్మనుకున్నాడు. షుగరుంది. దాని మాత్రలు చేనుకు తడి పెట్టినట్టు వేసుకునేవాడు, ఒక తడి పెట్టి ఒక తడి ఎగ్గొట్టి. ఇదేం పద్ధతని భార్య పున్నమ్మ అడిగితే, "రోజూ ఏస్తే ఒంటికి అలవాటైపోద్ది" అనేవాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడే కాసిని మాటల్లో సగం ఇలాంటివే కావడం వల్ల, పేరయ్య తక్కువ మాట్లాడతాడని ఊళ్ళో ఎవరికీ బాధ ఉండేది కాదు.

కన్ను కింద వాచాక పున్నమ్మ అడగటం మానేసి ఆటో పిలిచింది.

జిల్లా పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరు రిజ్వానా అనే అమ్మాయి. నిద్ర చాలని కళ్ళు, చకచకా నడక. ఆమె అతని ముక్కులోకి దీపమున్న గొట్టం పెట్టి చూసి, స్కానింగ్ తీయించి, లోపల పట్టినదంతా గీకి తీసింది. తర్వాత మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, దవడ ఎముక వెనకాల ఖాళీ గది ఉంటుంది. దాంట్లో బూజు పట్టింది. కనపడినంత గీకాను. కనపడని వేళ్ళు గోడల్లో ఉన్నాయి. వాటిని మందుతోనే చంపాలి. ఆ గదికీ మీ కంటికీ మధ్య ఉల్లిపొరంత ఎముక ఉంది. అది దాటిందంటే ఎడమ కన్ను పోతుంది. కన్ను దగ్గర ఆగుతుందని కూడా చెప్పలేను."

పేరయ్య తలూపాడు. ఏదైనా అడగమంది. "భోజనం ఈడే పెడతారా?" అని అడిగాడు.

మొదట పాత ఇంజక్షన్ నరానికి ఎక్కించారు. అది ఎక్కుతుంటే పేరయ్య వణికిన వణుక్కి మంచం చక్రాలు కదిలి, పక్క మంచం దాకా పోయి ఆగాయి. కొద్దిరోజులకు కిడ్నీలు మొరాయించాయి. ముక్కులో ఉన్న పిడికెడు బూజు కోసం ఒళ్ళంతా మందు పారించాలి, బూజు చచ్చేలోగా కిడ్నీలు చచ్చేట్టున్నాయి, ఆపేద్దామంది రిజ్వానా. సరిగ్గా ఆ వారమే కొత్త మందొకటి ఆసుపత్రికి వచ్చింది. మందు పాతదే, ఇచ్చే పద్ధతి కొత్తది. కంటికి కనపడని కొవ్వు బుడగల్లో ఆ మందును చుట్టి, జిగురులా చేసి, సన్నటి గొట్టంతో నేరుగా ఆ దవడ గదిలోనే పెడతారు. అక్కడే ఉండి, అక్కడే కొంచెం కొంచెంగా కరుగుతుంది. రక్తంలోకి పోయేది నామమాత్రం. కిడ్నీల జోలికి పోదు.

"రేపే పెడతాను బాబాయ్" అంది రిజ్వానా.

ఆమె రేపు అన్నది మందు ఫ్రిజ్‌లో ఉందన్న ధైర్యంతో. ఆ మందు పెట్టె మీద ఇది సురక్షితమైన మందని రాసి ఉందన్న విషయం అప్పటికింకా పైవాళ్ళ కంట పడలేదు.

ఆ ఆసుపత్రిలో దేన్నైనా సురక్షితమని ఎవరన్నా అని చాలా ఏళ్ళయింది. లిఫ్టును అనలేదు, మెట్లను అనలేదు, క్యాంటీన్ సాంబారును అసలే అనలేదు. అటువంటి చోటికి ఆ మాట అచ్చులో నడిచొచ్చేసరికి అధికారులు కదిలిపోయారు. వచ్చిన మంచిపేరు చెడకుండా చూసుకోవడం కోసం వెంటనే 'సురక్షిత ఔషధ పరిరక్షణ సంఘం' ఏర్పాటైంది. సంఘం తేల్చేదాకా మందు ఫ్రిజ్ దాటకూడదన్నారు. చైర్మన్‌గా భుజంగరావుగారిని వేశారు. ఆయన కాలువల శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన హయాంలో తవ్విన కాలువకు ఒక్కసారి కూడా గండి పడలేదు. దాంట్లోకి ఒక్కసారి కూడా నీళ్ళు వదల్లేదు.

సంఘంలో రోగుల తరఫున ఒక ప్రతినిధి ఉండాలని నిబంధన. అతన్ని వెతుక్కుంటూ సంఘం కార్యదర్శి ఉమాకాంతం వార్డులోకి వచ్చాడు. సఫారీ జేబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెన్నులున్న మనిషి. మంచాలన్నీ చూసుకుంటూ వచ్చి పేరయ్య దగ్గర ఆగాడు.

"కూర్చోగలవా?"

పేరయ్య లేచి కూర్చున్నాడు.

"సంతకం?"

తలూపాడు.

"మీటింగుల్లో మాట్లాడే అలవాటుందా?"

"లేదయ్యా" అని పున్నమ్మ చెప్పింది. "ఇంట్లోనే లేదు."

"అర్హతలన్నీ ఉన్నాయి" అని ఉమాకాంతం ఆకుపచ్చ పెన్ను తీశాడు. సంఘ సభ్యులందరూ సంపూర్ణ ఆరోగ్యవంతులై ఉండాలని ఇంకో నిబంధన ఉంది కాబట్టి, పేరయ్య సంపూర్ణ ఆరోగ్యవంతుడని ధ్రువపత్రం కూడా అక్కడికక్కడే తయారైంది. సెలైన్ సూది ఉన్న చేత్తోనే పేరయ్య దాని మీద సంతకం చేశాడు.

రౌండ్స్‌కి వచ్చిన రిజ్వానా అది చూసి, "ఆయన పేషెంటండీ" అంది.

"పేషెంటుగా పేషెంటే, ఎవరు కాదన్నారు. సభ్యుడిగా ఆరోగ్యవంతుడు. రెండూ వేర్వేరు ఫైళ్ళు, డాక్టరుగారూ. ఒకదాన్ని తెచ్చి ఇంకోదాంట్లో కలపకూడదు."

చొక్కాకి బ్యాడ్జీ పెట్టారు. దాని మీద 'గౌరవ సభ్యులు' అని ఉంది. పున్నమ్మ ఆ అక్షరాల్ని కొంగుతో తుడిచి, ఆయన ముఖం వంక చూసి, దవడ వాపు లేకపోతే ఇంకా బాగుండేదనుకుంది.

మొదటి సమావేశం పై అంతస్తు హాల్లో జరిగింది. తువ్వాలు కప్పిన కుర్చీలు, టీ, జీడిపప్పు బిస్కట్లు. పేరయ్య జన్మలో తువ్వాలు కప్పిన కుర్చీలో కూర్చోలేదు. వెన్ను ఆనిస్తే నలుగుతుందని ముందుకి జరిగి కూర్చున్నాడు.

భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ ఔషధం వల్ల ఇప్పటివరకు ఈ ఆసుపత్రిలో ఒక్క వ్యక్తికి కూడా హాని సంభవించలేదు. ఇది సామాన్యమైన విజయం కాదు. ఈ విజయాన్ని నిలబెట్టుకోవడమే మన పవిత్ర కర్తవ్యం."

"ఇప్పటివరకు ఎవరికీ పెట్టలేదు సర్" అంది రిజ్వానా.

"అదే నేనూ మనవి చేస్తున్నది. మీరు నాతో ఏకీభవించినందుకు సంతోషం." ఆయన టీ గుక్క వేసి, "ఇకపోతే, మధుమేహం ఉన్నవారిలో ప్రతి చిన్న విషయమూ వికటించే అవకాశమున్నది. వారికి ఏం జరిగినా ఆ నింద మన ఔషధం మీద పడును. కావున వారిని ఔషధ పరిధి నుంచి మినహాయించవలెనని ప్రతిపాదన. అనుకూలురు చేతులెత్తగలరు."

చేతులు లేచాయి. పేరయ్య చెయ్యి కూడా లేచింది.

కింద వార్డులో పున్నమ్మ మంచం మీదే ఎదురుచూస్తోంది.

"ఏందయ్యా, మందెప్పుడంట?"

"షుగరున్నోళ్ళకి లేదంట."

"ఎవుడన్నాడు అట్టా?"

పేరయ్య బ్యాడ్జీ సర్దుకున్నాడు. "అందరం."

"అందరవంటే?"

"నేనూ ఎత్తా."

"ఏంది ఎత్తింది?"

"చెయ్యి."

"నీకు షుగరున్న సంగతి గుర్తు రాలా?"

"వచ్చింది. అప్పటికే చెయ్యి పైనుంది."

"దించొచ్చు గదా."

"పెద్దమనుషుల ముందర ఎత్తిన చెయ్యి ఎట్టా దించేది?" అన్నాడు పేరయ్య. ఆ రోజుకి అతను మాట్లాడాల్సిన దానికంటే అది ఎక్కువే అయింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రిజ్వానా పట్టువదిలే మనిషి కాదు. పూటపూటకూ ఇన్సులిన్ పొడిచి, పున్నమ్మను కాపలా పెట్టి, పేరయ్య షుగరును దారికి తెచ్చింది. ఆ రిపోర్టు పట్టుకునే రెండో సమావేశానికి వచ్చింది. చైర్మన్‌గారు చాలా ఆనందించారు. సంఘం ఏర్పడిన ఫలితమేనన్నారు. చప్పట్లు కొట్టించారు. ఆ తర్వాత కిడ్నీల ప్రస్తావన తెచ్చారు.

"పాత ఇంజక్షన్ మూలకంగా మూత్రపిండములు బలహీనపడినవారికి ఈ ఔషధం ఇవ్వడం వివేకం అనిపించుకోదు."

రిజ్వానా కుర్చీలోంచి లేచింది. "సర్, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ కోసమే దీన్ని తెప్పించాం. దీని ప్రయోజనమే అది."

"ఆవేశం వద్దు, డాక్టరమ్మా. దెబ్బతిన్న కిడ్నీ రేపు ఏం చేస్తుందో మీరు పూచీ పడగలరా? నేను పడలేను. అది చేసే నిర్వాకం మన ఔషధం రికార్డులోకి వస్తుంది. మనం రక్షించవలసింది ఔషధాన్ని. సంఘం పేరు మరొకసారి చదువుకోండి."

పేరయ్య ఈసారి ముందుజాగ్రత్తగా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పున్నమ్మ పెట్టించిన ఒట్టు అది. అందరి చేతులూ లేచాయి. అతనిది లేవలేదు. "రోగుల ప్రతినిధిగారు?" అని ఉమాకాంతం నీలం పెన్ను గాల్లో ఆపి, ఎంతో మర్యాదగా, 'గారు' అని మరీ అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక పేరయ్యను అంతమంది అంత ఓపికగా చూడటం అదే మొదలు. ఎడమచెయ్యి లేచింది.

బిస్కట్ల పళ్ళెం వచ్చినప్పుడు ఒక విశేషం జరిగింది. పేరయ్యకు రెండు పళ్ళేలు కనిపించాయి. లేనిదాంట్లోంచి బిస్కట్ తీసుకోబోయి టేబుల్ గుడ్డను గిల్లాడు. తలెత్తి చూస్తే చైర్మన్‌గార్లు కూడా ఇద్దరున్నారు. పని పెరిగిందని ప్రభుత్వం ఇంకొకాయన్ని వేసిందనుకున్నాడు. ఇద్దరికీ నమస్కారం పెట్టి కిందికి దిగాడు. మెట్లు కూడా రెట్టింపయ్యాయి కాబట్టి గోడ పట్టుకుని దిగాడు.

ఈ మాట పున్నమ్మ చెప్పగానే రిజ్వానా పరుగున వచ్చింది. దీపం వేసి కన్ను చూసింది. వేలు అటూ ఇటూ తిప్పి ఎన్ని కనిపిస్తున్నాయని అడిగింది. మళ్ళీ స్కానింగ్ తీయించి, ఫిల్మును కిటికీకి అడ్డంపెట్టి చాలాసేపు చూసింది.

"ఆ ఎముకను తినడం మొదలుపెట్టింది. ఇంకో వారం పది రోజులు ఆగితే నేనేమీ చెయ్యలేను, అమ్మా" అంది పున్నమ్మతో. "కన్ను తీసెయ్యాల్సి వస్తుంది."

పున్నమ్మ ఏడవలేదు. భర్త వైపు తిరిగి, "విన్నావా? ఈసారి చెయ్యెత్తావంటే నేను ఊరికి పోతా. నువ్వూ నీ బ్యాడ్జీ ఈడే ఉండండి" అంది.

పేరయ్య ఆ రోజంతా ఆలోచించాడు. అతని ఆలోచన అంతా ఒకటే: తను ఎందుకిట్లా ఉన్నాడని. పొలంలో ఎద్దు కూడా ఇష్టం లేకపోతే మెడ తిప్పుతుంది. తను ఇంతవరకు దేనికీ మెడ తిప్పలేదు. కో-ఆపరేటివ్ సొసైటీలో తిప్పలేదు, ఎరువుల కొట్లో తిప్పలేదు. పన్ను పీకేవాడు ఇదేనా అని అడిగితే, ఆయన అంత చదువుకున్నవాడు పట్టకారు పెట్టాక కాదంటే బాగుండదని తలూపాడు.

మూడో సమావేశానికి భుజంగరావుగారు కాగితాలతో వచ్చారు. రాష్ట్రాలన్నిట్లోంచీ వివరాలు తెప్పించి స్వయంగా అధ్యయనం చేశానన్నారు.

"నా పరిశీలనలో ఒక కఠోర సత్యం బయటపడింది. ముక్కులో బూజుకు సంబంధించి సంభవించిన చెడు ఫలితములన్నీ, దయచేసి గమనించండి, అన్నీ కూడా, ముక్కులో బూజు ఉన్నవారిలోనే సంభవించినవి. బూజు లేనివారిలో ఒక్కటంటే ఒక్కటి లేదు."

సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో "అవును గదా" అన్నారు.

"కావున, ఔషధ సురక్షితత్వాన్ని సంపూర్ణంగా కాపాడుటకై, ముక్కునందు బూజు కలిగినవారికి ఈ ఔషధం ఇవ్వరాదని, ఆరోగ్యవంతులకు మాత్రమే ఇవ్వవలెనని ప్రతిపాదిస్తున్నాను."

ఓటింగుకు ముందే పేరయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అయినా తలకాయ ఊగింది. ఉమాకాంతం దాన్ని చెయ్యి కింద లెక్కవేసుకున్నాడు.

రిజ్వానా ఈసారి లేవలేదు. తీర్మానం అయిపోయేదాకా టేబుల్ వంక చూస్తూ కూర్చుంది. పేరయ్యకు ఇద్దరు రిజ్వానాలు కనిపిస్తున్నారు, ఇద్దరి ముఖాల్లోనూ ప్రాణం లేదు. తర్వాత మెల్లగా ఇద్దరూ తలెత్తారు.

"మంచి నిర్ణయం సర్" అంది. "అయితే మొదటి డోసు ఎవరైనా ఆరోగ్యవంతులకు ఇచ్చి ప్రారంభోత్సవం చేద్దామా?"

భుజంగరావుగారి ముఖం వెలిగింది. "ఇన్నాళ్ళకు మీరు నిర్మాణాత్మకంగా మాట్లాడారు."

"ధ్రువపత్రమున్న ఆరోగ్యవంతులైతే బాగుంటుంది. మన సభ్యుల్లోనే ఎవరైనా. రోగుల ప్రతినిధిగారైతే ప్రజల్లోకి మంచి సందేశం వెళ్తుంది."

ఉమాకాంతం ఫైలు తిరగేశాడు. పేరయ్య సంపూర్ణ ఆరోగ్యవంతుడని అందులో స్పష్టంగా ఉంది. తీర్మానం ఏకగ్రీవమైంది. దీనికి మాత్రం పేరయ్య చెయ్యి ఎత్తాలో వద్దో తెలియక భయపడి, పున్నమ్మ మాట గుర్తొచ్చి, ఎత్తకుండా కూర్చున్నాడు. తన కన్ను కోసం సంఘం చేసిన ఏకైక తీర్మానానికి ఓటు వెయ్యనివాడు అతనొక్కడే.

ప్రారంభోత్సవం నాడు ఓపీ హాల్లో షామియానా బట్టలు కట్టారు. బ్యానరు, మైకు, కేబుల్ టీవీ వాళ్ళు, పేపరువాళ్ళు. స్టీలు ట్రేలో మందున్న సిరంజి. అలవాటు కొద్దీ దానికి కుంకుమబొట్టు పెట్టబోతే రిజ్వానా చెయ్యి అడ్డం పెట్టింది. నిమ్మకాయను మాత్రం ట్రే ఉన్న బల్ల కాలి కింద పెట్టనిచ్చింది. మధ్యలో పెద్ద కుర్చీ, తల వెనక్కి ఆనించేది, చుట్టూ బంతిపూల దండ.

తెర వెనక రిజ్వానా పేరయ్య భుజాలు పట్టుకుని చెప్పింది. "బాబాయ్, మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పిలవగానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోండి. ఏమీ మాట్లాడొద్దు. మిగతాది నేను చూసుకుంటాను. ఈరోజు తప్పితే ఆ కన్ను నా చేతిలో ఉండదు."

"మాట్లాడొద్దని ఈయనకి జెప్పాలా" అంది పున్నమ్మ. అన్నదే గాని, రెండు చేతులూ కొంగులో మెలిపెట్టుకుంటోంది.

పేరు పిలిచారు. పేరయ్య నడిచి వెళ్ళాడు. కుర్చీలు రెండు కనిపించాయి. చేత్తో తడిమి నిజమైనదేదో పట్టుకున్నాడు. కూర్చోబోతూ తలెత్తాడు.

పక్కనే భుజంగరావుగారు నిలబడి ఉన్నారు. పట్టుపంచె, భుజం మీద శాలువా. ఆయనకు మాత్రం వేదిక మీద కుర్చీ వెయ్యడం ఎవరో మరిచిపోయారు. ఇద్దరు భుజంగరావులూ నిలబడే ఉన్నారు.

పేరయ్య నడుము సగం వంగినది వంగినట్టే ఆగిపోయింది. కింద రిజ్వానా కళ్ళతోనే కూర్చో కూర్చో అంటోంది. పేరయ్య కూర్చోలేకపోయాడు. సన్మానపు కుర్చీ, దండతో సహా. ఆయన నిలబడి ఉండగా. చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు. మైకు దగ్గరగా ఉండటం వల్ల అతని గొంతు హాలంతా వినపడింది.

"పెద్దాయన నిలబడుంటే నేనెట్టా కూసునేది. ముందు చైర్మన్ గారికి పెట్టండి. తర్వాత చూద్దాం నాది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. కేబుల్ టీవీ అబ్బాయి కెమెరా భుజంగరావుగారి మీదికి తిప్పాడు. ఉమాకాంతం మైకు అందుకున్నాడు. "సంఘ నియమాల ప్రకారం ఔషధం ఆరోగ్యవంతులది. మన సంఘంలో ఆరోగ్యవంతులలో అగ్రగణ్యులు చైర్మన్‌గారే. వారే స్వయంగా మొదటి డోసు స్వీకరించి చరిత్ర సృష్టించబోతున్నారు."

వెనక వరసలో పున్నమ్మ గోడకు తలానించింది. రిజ్వానా పెదవి కొరుక్కుంది. ఆ రోజుకు ఉన్న మందు ట్రేలోని ఆ ఒక్క సిరంజే.

భుజంగరావుగారు కూర్చోక తప్పలేదు. మెడలో ఇంకో దండ పడింది. తల వెనక్కి ఆనించారు. రిజ్వానా చేతికి తొడుగులు వేసుకుని, దీపమున్న గొట్టం తీసింది. తీస్తున్నకొద్దీ అది ఇంకా వస్తూనే ఉంది. ఆయన కళ్ళు దాని వెంటే వెళ్ళాయి.

"ఇది ఎందాకా వెళ్తుందమ్మా?" అన్నారు మైకులో పడకుండా.

"కంటి కింద దాకా సర్. ముందు మత్తు స్ప్రే కొడతాను. లోపల కొంచెం నెత్తురు రావచ్చు, కంగారుపడకండి. తర్వాత ఈ జిగురు పెడతాను. కొన్నాళ్ళు అక్కడే ఉంటుంది. వారానికోసారి మళ్ళీ చేద్దాం."

"మళ్ళీనా?"

"కోర్సు పూర్తి చెయ్యాలి సర్. లేకపోతే రికార్డు అసంపూర్ణంగా ఉంటుంది."

గొట్టం ముక్కు దాకా వచ్చింది. భుజంగరావుగారు చెయ్యెత్తారు. అందరూ ఆశీర్వాదమనుకున్నారు. ఆయన లేచి నిలబడి, దండలతో సహా మైకు దగ్గరికి వెళ్ళారు.

"సభికులారా. ఈ కుర్చీలో కూర్చున్న క్షణంలో నా అంతరాత్మ నన్నొక ప్రశ్న అడిగింది. ఔషధం ఎవరిది? రోగిది. అది రోగి హక్కు. ఏ జబ్బూ లేని నేను దీన్ని స్వీకరించినచో, ఒక రోగి నోటి దగ్గరిది లాక్కున్నవాడినవుతాను. అట్టి పాపం నా జీవితంలో చేయలేదు, చేయబోను. కావున పూర్వపు తీర్మానములన్నింటినీ ఈ వేదిక మీదనే రద్దు చేయవలెనని ప్రతిపాదిస్తున్నాను. ఇకపై ఔషధం రోగులకు మాత్రమే. అనుకూలురు?"

సభ్యులందరూ వేదిక ముందే ఉన్నారు. చేతులు లేచాయి. పేరయ్యవి రెండూ లేచాయి.

"ఇప్పుడు తక్షణం ఒక రోగి కావలెను" అన్నారు భుజంగరావుగారు, కెమెరా వంక చూస్తూ, కుర్చీకి దూరం జరుగుతూ. "ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క రోగి లేడా?"

"ఈయనే గదయ్యా" అని వెనకనుంచి పున్నమ్మ కేక వేసింది. "ఇందాకణ్ణించి మీ పక్కన నిలబడున్నాడు గదా."

ఉమాకాంతం మైకు మూసి పట్టుకున్నాడు. "కుదరదు సర్. ఈయన సంపూర్ణ ఆరోగ్యవంతుడని మనమే ధ్రువీకరించాం."

"కళ్ళు లేవటయ్యా నీకు?" అన్నారు భుజంగరావుగారు. "ఆ దవడ చూడు, ఆ కన్ను చూడు. నేను మొదటి రోజే గమనించాను. ముందు ఈయన్ని కూర్చోబెట్టండి."

ఇప్పుడు చైర్మన్‌గారే చెయ్యి పట్టుకుని కూర్చోమంటున్నారు కాబట్టి పేరయ్యకు అభ్యంతరం కనపడలేదు. కూర్చున్నాడు. రిజ్వానా గొట్టం లోపలికి పంపింది. మందు పెడుతున్నంతసేపూ చైర్మన్‌గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత వారాలు మామూలుగానే గడిచాయి. మందు లోపలే ఉండి తన పని తాను చేసింది. కిడ్నీలు పలకలేదు, ఉలకలేదు. వాపు దిగింది. మళ్ళీ తీసిన స్కానింగ్‌లో ఆ ఉల్లిపొర ఎముక కొద్దిగా చిరిగి ఉంది గాని, బూజు దాన్ని దాటలేదు. ఒకరోజు రౌండ్స్‌లో రిజ్వానా వేలు చూపించి ఎన్ని అని అడిగితే, పేరయ్య "ఒకటే" అన్నాడు. ఆమె వెంటనే ఇంకేమీ రాసుకోలేదు. కాసేపు అక్కడే నిలబడింది. ఆ వారమే వార్డులో బూజు పట్టిన ఇంకో ముగ్గురికి కూడా మందు పెట్టారు, ఎవరూ వాళ్ళ ధ్రువపత్రాలు అడగలేదు.

సంఘం రద్దు కాలేదు. అటువంటివి అంత తేలిగ్గా కావు. జబ్బు లేనివారి చేతికి ఈ మందు పోకుండా కాపాడే బాధ్యత తీసుకుని, అదే ఉత్సాహంతో, అదే బిస్కట్లతో నడుస్తోంది. సభ్యులు ఆరోగ్యవంతులై ఉండాలన్న నిబంధన కింద, రోగి అని వేదిక మీదే తేలిపోయిన పేరయ్యను మాత్రం తీసేశారు. బ్యాడ్జీ ఉమాకాంతమే వచ్చి పట్టుకెళ్ళాడు. పేరయ్య లేచి నిలబడి ఇచ్చాడు.

వార్డంతా అతన్ని చూసే తీరు మారింది. పక్క మంచాలవాళ్ళు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు. "ఏం ఎత్తు వేశావు పెద్దాయనా, అంతటి మనిషిని ఒక్క మాటతో కుర్చీలో పడేశావే" అనేవాళ్ళు. నర్సులు చెప్పుకునేవాళ్ళు. డిశ్చార్జి కాగితం ఇస్తూ రిజ్వానా కూడా, "ఆరోజు మీరు నా ప్రాణం తీశారు బాబాయ్. కానీ అంత దూరం మీరు ఆలోచించారని నాకు తట్టలేదు. నేనే తొందరపడి మిమ్మల్ని తిట్టుకున్నాను, ఏమనుకోకండి" అంది. పేరయ్య తలూపాడు. ఆ ఊపు ఎవరికి కావలసినట్టు వాళ్ళు తీసుకున్నారు.

బస్సెక్కాక, సంచులు కాళ్ళ మధ్య సర్దుకున్నాక, పున్నమ్మ అతని ముఖంలోకి వంగి చూసింది. కాపురం మొదలైనప్పటినుంచి ఈ మనిషిలో తనకు తెలియని గది ఒకటుందని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"నాకు నిజం జెప్పు. ఆ మాట ముందే అనుకుని అన్నావా?"

పేరయ్య రెండు కళ్ళతోనూ ఆమెను చూశాడు. అబద్ధం చెప్పాలంటే చాలా మాటలు కావాలి.

"పెద్దాయన నిలబడున్నాడు గదే" అన్నాడు.

పున్నమ్మ చాలాసేపు అతన్ని అలాగే చూసింది. బస్సు ఊరి మలుపు తిరుగుతుంటే చుట్టూ ఎవరన్నా వింటున్నారేమో ఒకసారి తల తిప్పి చూసి, గొంతు తగ్గించింది.

"ఈ మాట ఊళ్ళో యాడా అనమాక."